హార్మోన్ మందులు వాడకుండా మెనోపాజ్ మతిమరుపుతో నెగ్గుకురావడం

మెనోపాజ్ రోజుల్లో వచ్చే మతిమరుపులో తెలిసిన సంగతి చెరిగిపోదు. అడిగిన క్షణానికి అందదు, అంతే. పదేళ్లుగా పక్క సీట్లో పనిచేస్తున్న మనిషి పేరు నోట్లో నానుతూ ఉంటుంది కానీ బయటికి రాదు. గంట పోయాక, వేరే పనిలో ఉండగా దానంతటదే వచ్చి పడుతుంది. పని మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎక్కడ ఆపామో తెలియదు. చదివిన పేరానే మళ్లీ చదవాల్సి వస్తుంది. బ్రెయిన్ ఫాగ్ అంటున్నది దీన్నే.

జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్‌లోనూ, ఏకాగ్రతకు ఆధారమైన మెదడు ముందుభాగంలోనూ ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటాయి. నెలసరి పూర్తిగా ఆగడానికి ముందు కొన్నేళ్లు, అంటే పెరిమెనోపాజ్‌లో, ఈ హార్మోన్ మెల్లగా మెట్లు దిగదు. ఒక నెల ఎగిసి, ఇంకో నెల పడిపోతుంది. ఆ ఊగిసలాటకు మెదడు అలవాటు పడాలి. మధ్యవయసు మహిళల ఆరోగ్యంపై అమెరికాలో 1996లో మొదలైన స్వాన్ అధ్యయనంలో ఒకే రకం పరీక్షను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పెట్టారు. మామూలుగా అయితే అలవాటు కొద్దీ మార్కులు పెరగాలి. పెరిమెనోపాజ్‌లో ఉన్నవాళ్లకు ఆ పెరుగుదల తగ్గింది, మెనోపాజ్ దాటాక మళ్లీ కనిపించింది. కాబట్టి చాలామందికి ఇది దాటిపోయే దశే.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టే ఇబ్బంది ఉన్నవాళ్లు హార్మోన్లు వాడలేక, జ్ఞాపకశక్తికి ఉన్న ఒక్క మందూ తమకు దక్కలేదని బాధపడుతుంటారు. నిజానికి కేవలం మతిమరుపు కోసం హార్మోన్ చికిత్స మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెప్పవు. 65 ఏళ్లు దాటిన మహిళలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2003లో వచ్చాయి. అందులో డిమెన్షియా ముప్పు తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది. హార్మోన్లు బాగా పనిచేసేది వేడి ఆవిర్ల మీద, వాటివల్ల చెడే నిద్ర మీద. ఆ రెండింటినీ వేరే దారిలోనూ పట్టుకోవచ్చు.

మెనోపాజ్ ముసుగులో వచ్చేవి

నలభై అయిదు దాటిన మనిషి మతిమరుపు అనగానే అందరూ, ఒక్కోసారి డాక్టర్లు కూడా, వయసు మీద నెట్టేస్తారు. అలా నెట్టేసే ముందు నాలుగు రక్తపరీక్షలు చేయించాలి: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఐరన్ నిల్వకు ఫెరిటిన్, బీ12, షుగర్. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఇదే మందకొడితనం, ఇదే నీరసం వస్తాయి. ఇవి సరిచేయగలిగినవి కాబట్టి వదిలేస్తే నష్టం మనకే.

పెరిమెనోపాజ్‌లో రక్తస్రావం ఎక్కువయ్యేవాళ్లు హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి. అది మామూలుగా కనిపిస్తూనే లోపల ఐరన్ నిల్వ ఖాళీ అవుతుంది. ఫెరిటిన్ 30 కంటే తక్కువుంటే చాలామంది డాక్టర్లు లోటుగానే లెక్కేస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అందుకని తగ్గాక చేయించాలి. ఐరన్ మాత్రను కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంటే రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు బీ12 తగ్గే అవకాశం ఎక్కువ.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగుతున్నారా? ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లోనూ చెప్పండి.

తర్వాత ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకచోట పోసి చూడాలి. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమైన్, నిద్రకని కొనుక్కునే డైఫెన్‌హైడ్రమైన్, నొప్పులకు రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, ఇవన్నీ మెదడులో ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటాయి. జ్ఞాపకం నిలవడానికి కావాల్సిన రసాయనం అదే. రాత్రి నిద్ర కోసం వేసుకున్న మాత్రే మర్నాడు మబ్బు కమ్మేలా చేస్తుందన్నమాట. డాక్టరు రాసినవాటిని సొంతంగా ఆపకండి, బదులు ఏముందో అడగండి. గట్టిగా గురక పెడుతున్నా, ఎంత పడుకున్నా అలసటగా లేస్తున్నా స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష గురించి కూడా అడగాలి. మెనోపాజ్ తర్వాత ఇది పెరుగుతుంది, ఆడవాళ్లలో చాలాసార్లు గుర్తింపునకే రాదు.

రాత్రి లెక్క

మతిమరుపుకు ఒకే ఒక్క పని చేయగలమంటే అది నిద్ర బాగుచేసుకోవడమే. రాత్రిళ్లు మెలకువలు ఎక్కువైతే పగలు నేర్చుకున్నది స్థిరపడదు. ఇక్కడ బాగా పనిచేసేది నిద్రలేమికి చేసే సీబీటీ, అంటే నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పేరు భారీగా ఉన్నా, అసలు పని గడియారంతో, కాగితంతో చేసేదే.

వారం రోజులు పొద్దున్నే రెండు అంకెలు రాయండి: మంచం మీద ఎన్ని గంటలున్నారు, అందులో సుమారు ఎన్ని గంటలు నిద్రపోయారు. రాత్రి మధ్యలో గడియారం చూడొద్దు, అంచనా చాలు. పదింటికి పడుకుని ఆరింటికి లేస్తూ, సగటున ఆరు గంటలే నిద్రపోతున్నారనుకుందాం. ఎనిమిదికి ఆరు అంటే 75 శాతం. ఇప్పుడు మంచం మీద గడిపే సమయాన్ని నిద్రకు అరగంట కలిపి ఆరున్నర గంటలకు కుదించాలి. లేచే సమయం ఆరు, మారదు. కాబట్టి పడుకునేది పదకొండున్నరకు. వారం తర్వాత మళ్లీ లెక్క చూసి, 85 శాతం దాటితే పావుగంట ముందుకు, అంటే పదకొండుంపావుకు జరపండి. అలా వారానికో పావుగంట. ఎంత తక్కువ నిద్రపోతున్నా మంచం సమయాన్ని అయిదున్నర గంటల కంటే కిందికి దించొద్దు.

మొదటి రెండు వారాలు పగలు ఇంకా మగతగా ఉంటుంది. ఇక్కడే వదిలేయాలనిపిస్తుంది, ఎందుకంటే మతిమరుపు తగ్గాలని మొదలుపెడితే ముందు పెరుగుతుంది మరి. ఆ రోజుల్లో దూరాలు డ్రైవింగ్ పెట్టుకోకండి. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు, ఎత్తుల మీదా యంత్రాలతోనూ పనిచేసేవాళ్లు ఈ కుదింపును డాక్టరు పర్యవేక్షణ లేకుండా చేయకూడదు.

మధ్యలో మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే లేచి వేరే గదిలో, మసక వెలుతురులో కూర్చోవాలి. కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి మంచం ఎక్కాలి. పక్కమీద దొర్లుతూ ఉంటే మంచం అంటేనే మెలకువ అని ఒంటికి అలవాటైపోతుంది. వేడి ఆవిరితో లేచినా ఇదే పద్ధతి. ఒక మందపాటి దుప్పటి కంటే రెండు పలుచనివి మేలు, ఒకదాన్ని కాలితో తోసేయొచ్చు. మార్చుకోవడానికి నూలు బట్టలు మంచం పక్కనే పెట్టుకుంటే పెద్ద లైటు వేసి బీరువా తెరిచే పని తప్పుతుంది. కాఫీలో కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక మానాలి. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున లేపేస్తుంది.

ఆవిర్లు రాత్రికి నాలుగైదు సార్లు లేపుతుంటే ఈ పద్ధతులు ఒక్కటే చాలవు, హార్మోన్ కాని మందులున్నాయి. వెన్లాఫాక్సిన్, తక్కువ మోతాదు పారోక్సిటిన్, రాత్రిపూట గాబాపెంటిన్ పాతవి. అమెరికాలో 2023లో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్ రోజుకు 45 మిల్లీగ్రాముల మాత్ర. మెదడులో ఉష్ణోగ్రతను సర్దే చోటే నేరుగా పనిచేస్తుంది. దానికి లివర్ పరీక్షలు తప్పనిసరి: మొదలుపెట్టే ముందు, మొదటి మూడు నెలలూ నెలనెలా, ఆపైన ఆరో నెలలో, తొమ్మిదో నెలలో. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు పారోక్సిటిన్ పనికిరాదు, అది టామోక్సిఫెన్ పనిని తగ్గిస్తుంది. గాబాపెంటిన్ మర్నాడు తల తిప్పేలా, మబ్బుగా ఉంచొచ్చు. ఆక్సీబ్యుటినిన్ కూడా ఆవిర్లను తగ్గిస్తుంది కానీ పైన చెప్పిన కారణంగా మతిమరుపు ఉన్నవాళ్లకు నేనైతే చివర పెడతాను.

పగలు: తలలో మోయడం మానేయడం

ఒకే నోట్‌బుక్, ఎప్పుడూ చేతికందేచోట. ఎడమ పేజీలో ఈరోజు తప్పక చేయాల్సినవి మూడే. కుడి పేజీలో గుర్తొచ్చినవన్నీ, వరసా వావీ లేకుండా. ప్రతి పనీ క్రియతో ముగియాలి. 'బ్యాంకు' అని రాస్తే సాయంత్రానికి అది ఎందుకు రాశారో మీకే తెలియదు. 'బ్యాంకుకి ఫోన్ చేసి కొత్త కార్డు ఎప్పుడొస్తుందో అడగాలి' అని రాస్తే మళ్లీ ఆలోచించే పని లేదు. రాత్రి అయిదు నిమిషాలు కూర్చుని మిగిలినవాటిని మర్నాటి పేజీకి దించండి. ఈ పద్ధతి చెడేది ఒకే కారణంతో: కొంత ఫోన్లో, కొంత చీటీల మీద, కొంత క్యాలెండర్ మీద రాయడం. అప్పుడు ఎక్కడ రాశామో గుర్తుపెట్టుకోవడం ఇంకో పని అవుతుంది.

అలారం మోగుతుంది, ఎందుకు పెట్టామో గుర్తురాదు. కాబట్టి అలారానికి పేరు పెట్టాలి, పని చేయగలిగిన చోట ఉండే సమయానికే పెట్టాలి. దారిలో ఉండగా మోగితే ఆపేసి మర్చిపోతాం. పని అయ్యేదాకా వాయిదా మీటే నొక్కాలి, పూర్తిగా ఆపకూడదు. పొయ్యి మీద ఏదైనా పెడితే టైమర్‌ను వంటింట్లో వదలకుండా ఒంటిమీదే ఉంచుకోండి. మాత్రలకు వారం గదుల డబ్బా కొనుక్కోండి. మర్చిపోవడం కంటే, వేసుకున్నామో లేదో తెలియక రెండోసారి వేసుకోవడం పెద్ద ప్రమాదం.

పని మధ్యలో ఎవరైనా పిలిస్తే తల ఎత్తకముందే 'ఒక్క క్షణం' అని, తర్వాత చేయాల్సిన అడుగును నాలుగు మాటల్లో రాసేయండి: 'మూడో బిల్లు మొత్తం సరిచూడాలి.' తిరిగొచ్చాక వెతుక్కునే పని ఉండదు. చేయడం కంటే రాయడానికే ఎక్కువ సమయం పడుతుందని మొదట్లో చిరాకేస్తుంది, వారంలో చేయి అలవాటవుతుంది.

మాట దొరక్కపోతే గింజుకోవద్దు. గింజుకునే కొద్దీ తప్పుడు మాటే ముందుకొచ్చి దారికి అడ్డం నిలబడుతుంది. ఎక్కువసేపు పెనుగులాడితే మరోసారి కూడా అక్కడే ఆగే అవకాశం పెరుగుతుంది. ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పి ముందుకు సాగిపోండి, 'అదే, గోడకి కన్నం పెట్టేది' అంటే వినేవాళ్లే అందిస్తారు. డ్రిల్ అన్న మాట దొరికాక రెండుసార్లు పైకి అనండి. కొత్త పేరైతే విన్నవెంటనే వాక్యంలో వాడి, నిమిషం తర్వాత ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడకుండా గుర్తుచేసుకోండి. రాసుకున్నది పదిసార్లు చదవడం కంటే ఈ మూడుసార్లు తలచుకోవడమే ఎక్కువ నిలుస్తుంది.

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం, రెండు రోజులు కండరాలకు పని చెప్పడం నిద్రకూ మనసుకూ మేలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. ఆవిర్లు తగ్గుతాయని మాత్రం ఆశించకండి. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలను మూడువేల మందికి పైగా పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు, డిమెన్షియా ఆగలేదు. రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లకు వాటితో రక్తస్రావం భయం కూడా ఉంది. మెదడు ఆటల యాప్‌లు ఆడితే ఆ ఆటలో నైపుణ్యం పెరుగుతుంది, తాళంచెవులు మాత్రం దొరకవు.

ఎప్పుడు ఆగకూడదు

తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం ఒకటి, అది దేనికి వాడతారో తెలియకపోవడం మరొకటి. రోజూ తిరిగే దారిలో తప్పిపోవడం, అడిగిన ప్రశ్నే అడిగినట్టు తెలియకుండా మళ్లీ అడగడం, చేయి తిరిగిన పని వరస తప్పడం, మీకంటే ఇంట్లోవాళ్లే ముందు గమనించి కంగారుపడటం ఉంటే న్యూరాలజిస్టును కలవండి. నోరు వంకరపోవడం, మాట తడబడటం, ఒకవైపు చేయి పట్టు తప్పడం హఠాత్తుగా వస్తే అది మెనోపాజ్ కాదు, స్ట్రోక్ కావచ్చు. నిమిషం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏ పనిమీదా మనసు పోకపోవడం, ఏడుపు రావడం రెండు వారాలు దాటితే అదీ చెప్పండి, డిప్రెషన్ కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు 'అన్నీ మర్చిపోతున్నాను' అంటే ఆయనకు పట్టు దొరకదు. నోట్‌బుక్‌లోంచి రెండు వారాల నిద్ర లెక్క, రాత్రికి ఎన్ని ఆవిర్లు, చివరి నెలసరి తేదీ, వాడుతున్న మందులన్నీ మోతాదులతో, మర్చిపోయిన సందర్భాలు మూడు, ఒకే పేజీలో రాసి చేతికివ్వండి.