కంటి ట్రయల్‌లో చేరమన్నారా? సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి

నెల్లూరు, కావలి వైపు నుంచి కంటి వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరికి, ముఖ్యంగా షుగర్ వల్ల రెటీనాలో నీరు చేరినవాళ్లకి, స్కాన్ అయ్యాక ఎవరో వచ్చి "ట్రయల్ ఉంది, ఇంజెక్షన్ ఉచితం, చేరతారా?" అని అడుగుతారు. ట్రయల్ అంటే మందు ఎలా పనిచేస్తుందో పేషెంట్లకి ఇచ్చి చూసే పరీక్ష. మా నాన్ననీ అడిగారు. కాగితాలు తమిళంలో, ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయనకి రెండూ రావు, అయినా డాక్టరుగారి మాట కాదనలేక పెన్ను తీసేశారు. నేను ఆపాను.

మొదట తెలుగు కాగితం అడగండి. మొహమాటం వద్దు, 2019 నాటి క్లినికల్ ట్రయల్ నియమాల ప్రకారం పేషెంటుకి అర్థమయ్యే భాషలోనే వివరాలివ్వాలి, చదువు రానివాళ్లకి బయటి సాక్షి ముందు చదివి చెప్పాలి. రెటీనా జబ్బులకి చాలావరకు ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది, ఇంటికి తెచ్చుకుని చదవండి. నల్లగుడ్డు మీద పుండైతే మాత్రం ఆగకూడదు, అక్కడే కూర్చుని చదివించుకోండి.

కాగితం మీద సీటీఆర్ఐ నంబరుందో చూడండి, లేకపోతే అడగండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ అది, ఫోన్లోనే వెతకొచ్చు. అందులో నేను ముందు చూసేది, ఈ మందుని దేనితో పోలుస్తున్నారు అన్నది. ఎందుకంటే మీకు ఏ మందు పడుతుందో లాటరీలాగా తేలుతుంది, డాక్టరు ఎంచుకోరు. కొత్తది కాబట్టి మంచిదే అనుకోకండి. అరవింద్ కంటి ఆసుపత్రుల్లో నల్లగుడ్డు మీద ఫంగస్ పుండున్న 323 మందిలో కొందరికి పాత నాటామైసిన్ చుక్కలు, మిగతావాళ్లకి కొత్త వోరికొనజోల్ చుక్కలు ఇచ్చి చూశారు. 2013లో ఫలితాలొస్తే పాతదే గెలిచింది. షుగర్ వల్ల రెటీనాలో చేరే నీటికి, కంట్లోకి ఇచ్చే మూడు ఇంజెక్షన్లని పోల్చిన అమెరికా ట్రయల్ 2015లో చెప్పింది ఇంకోటి: చూపు కాస్త బాగున్నవాళ్లకి మూడూ దాదాపు ఒకటే, చూపు 6/15 (మామూలు చూపున్నవాళ్లు 15 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం) లేదా అంతకంటే తగ్గినవాళ్లకి మొదటి ఏడాదిలో ఆ మూడింట్లో అఫ్లిబర్‌సెప్ట్ అనేది మెరుగు. అందుకే మీ చూపు ఎంతుందో అడిగి రాసుకుని, ఆ తర్వాతే మందు గురించి మాట్లాడండి.

తర్వాత ఎన్నిసార్లు రావాలో లెక్కేయండి. మేం ఆగిపోయింది ఇక్కడే. నెలనెలా రావాలంటే తెల్లారుజామున రైలు, పరీక్షకి కంట్లో చుక్కలు వేశాక చాలాసేపు చూపు మసక, తోడు ఒకరు తప్పదు, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. దారిఖర్చులు ఇస్తారా అని అడగండి, ఇస్తామంటే కాగితంలో ఎక్కడుందో చూపించమనండి. ట్రయల్ ముగిశాక ఇంజెక్షన్ కావాలంటే డబ్బెవరు పెడతారో కూడా అప్పుడే అడగాలి, చాలామంది అడగరు.

ట్రయల్ వల్ల హాని జరిగితే దాన్ని నడిపేవాళ్లు ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం కూడా ఉంది. మధ్యలో మానేసే హక్కు మీది, మానేశారని మామూలు వైద్యం ఆపకూడదు. ఇంజెక్షన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, అందుకే రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ముందే తీసుకోండి. సంతకమైన కాగితం కాపీ అడిగి ఇంటికి తెచ్చుకోండి, ఆ ఫోన్ నంబరుతో సహా ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపండి.