సరుకుల ఖర్చు తగ్గాలంటే కొట్టుకి వెళ్లకముందే మొదలుపెట్టాలి

సరుకుల ఖర్చు తగ్గించుకుందాం అనుకోగానే చాలామంది ముందు ఆఫర్లు వెతుకుతారు. ఎక్కడ తక్కువకి వస్తోంది, ఏ యాప్‌లో కూపన్ ఉంది అని. అది తర్వాతి సంగతి. ఇంట్లో పారేస్తున్నది ఆపకుండా ఎంత చవకగా కొన్నా నెలాఖరుకి పెద్ద తేడా కనబడదు. సగం కట్ట ఆకుకూర చెత్తబుట్టలో పడిందంటే తిన్న ఆ సగాన్ని మీరు రెట్టింపు ధరకి కొన్నట్టే లెక్క. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. హోటళ్లలో, దుకాణాల్లో పోయింది మొత్తం కలిపినా మన వంటిళ్లలో పోయినదాని కంటే తక్కువే.

అందుకే ముందు ఈ పని చేయండి. ఒక కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి, రెండు వారాల పాటు పారేసిన ప్రతిదీ దాని మీద రాయండి. ఏం పారేశాం, ఎంత, ఎందుకు. ఆ 'ఎందుకు' మాత్రం వదలొద్దు, అసలు విషయం అక్కడే ఉంది. వండింది మిగిలిపోయి పారేస్తుంటే వండే కొలత తగ్గించాలి. కొన్నది వండకుండానే కుళ్లిపోతుంటే కొనే కొలత తగ్గించాలి. ఫ్రిజ్‌లో వెనక్కి జరిగిపోయి కంటికి కనబడక పాడవుతుంటే కొనడంలో తప్పేమీ లేదు, సర్దే పద్ధతి మార్చాలి. ఇంట్లో అందరి చేతా రాయించండి, కానీ దాన్ని పట్టుకుని ఎవరినీ ఒక మాట అనకండి. అన్నారంటే రెండో రోజు నుంచి ఆ కాగితం మీద ఎవరూ నిజం రాయరు.

చీటీ రాసేటప్పుడు

చీటీ రాయడం అందరికీ తెలిసిందే. అయితే చాలామంది గుర్తొచ్చినవి రాస్తారు, చూసి రాయరు. డబ్బాల మూతలు తీసి, ఫ్రిజ్‌లో వెనక వరస దాకా చేయి పెట్టి, అరలో మూలకి పోయిన ప్యాకెట్లు బయటికి లాగి, అప్పుడు రాయండి. ఉన్నవేంటో తెలిశాక ఈ వారం ఏం వండాలన్నది వాటి నుంచే మొదలవుతుంది. మూడు టమాటాలు మెత్తబడుతున్నాయి, సగం డబ్బా శనగలు ఉన్నాయి అనుకోండి, ఆ రెండూ అయిపోయే వంట ముందు అనుకుని, దానికి తక్కువైనవి మాత్రమే చీటీలో పెట్టండి. తీరిక లేకపోతే బయల్దేరే ముందు ఫ్రిజ్ తలుపు తీసి ఫోన్లో ఒక ఫోటో తీసుకోండి, అదైనా చాలా పనికొస్తుంది.

వారంలో ఏడు రోజులకీ వంట ప్లాన్ చేసుకోవద్దు. ఏదో ఒక రోజు బయట తింటాం, ఇంకో రోజు నిన్నటిది మిగులుతుంది, ఆ రెండు రోజులకని కొన్న కూరగాయలే చివరికి వాడిపోతాయి. ఐదు రోజులకి కొనండి. ప్రతి వస్తువు పక్కన ఎంత కావాలో కూడా రాయండి. ఉత్త 'ఉల్లిపాయలు' అని రాసుకుని వెళ్తే అక్కడ చేతికి వచ్చినన్ని సంచిలో పడతాయి.

ధర కాదు, కిలో ధర

ఈ ఒక్క అలవాటు వస్తే చాలు, మిగతా చిట్కాలు సగం మర్చిపోయినా పర్లేదు. ప్యాకెట్ మీద ఉన్న ధర మీకు ఏమీ చెప్పదు. వంద గ్రాములకి ఎంత పడుతోంది అన్నదే అసలు ధర. 800 గ్రాముల ప్యాకెట్ 120, కిలో ప్యాకెట్ 145 అనుకుందాం. చూడగానే మొదటిది చవక అనిపిస్తుంది. 120ని 8తో భాగించండి, వంద గ్రాములకి 15, అంటే కిలో 150 పడింది. చవక రెండోది. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది కదా, మొహమాటపడకుండా అక్కడే నిలబడి లెక్క చూసుకోండి. కొన్ని దుకాణాల్లో అర అంచున అంటించిన చీటీ మీద చిన్న అక్షరాల్లో ఈ లెక్క వాళ్లే రాసి ఉంచుతారు, పెద్ద అక్షరాలు వదిలేసి అది చదవండి.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోకండి. కొన్నిసార్లు రెండు చిన్నవి కొంటేనే తక్కువ పడుతుంది, ముఖ్యంగా చిన్నదాని మీద ఆఫర్ నడుస్తున్నప్పుడు.

నూనె దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒక ప్యాకెట్ మీద లీటరు అని ఉంటుంది, పక్కదాని మీద కిలో అని ఉంటుంది, రెండూ ఒకటే అనుకుంటాం. వంట నూనె నీళ్ల కంటే తేలిక, లీటరు నూనె దాదాపు 910 గ్రాములే తూగుతుంది. కిలో ప్యాకెట్‌లో సుమారు 1.1 లీటర్లు వస్తుంది కాబట్టి రెండింటి ధర ఒకటే అయితే కిలోదే లాభం. నీళ్లలో ఊరే డబ్బా సరుకులకి మొత్తం బరువు కాకుండా నీళ్లు వంపేశాక మిగిలే బరువు చూడాలి, చాలా డబ్బాల మీద అది విడిగా రాసే ఉంటుంది. బట్టలుతికే ద్రవాలైతే లీటర్లు కాదు, ఎన్ని ఉతుకులు వస్తాయన్నది చూడాలి, ఎందుకంటే ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా ఉంటుంది.

ప్యాకెట్ అదే, రంగు అదే, ధర అదే, లోపల మాత్రం కిలోకి బదులు 900 గ్రాములు. ఇలా బరువు తగ్గించడం ఇప్పుడు చాలా మామూలైపోయింది. పది శాతమే కదా తగ్గింది అనిపిస్తుంది కానీ మీ కిలో ధర 11 శాతం పెరిగినట్టు. ఎప్పుడూ కొనే బ్రాండే అని చూడకుండా తీసుకునే వాటిలోనే ఇది ఎక్కువగా మన కళ్లు కప్పుతుంది, అప్పుడప్పుడూ వెనక్కి తిప్పి బరువు చదవండి.

ఆఫర్ల సంగతి

రెండు కొంటే ఒకటి ఉచితం అంటే మూడో వంతు తగ్గింపు. రెండోది సగం ధరకే అంటే రెండింటి మీదా కలిపి పావు వంతు తగ్గింపు, అంతే. 20 శాతం ఎక్కువ సరుకు అని ఉంటే అది 20 శాతం తగ్గింపు కాదు, సుమారు 17 శాతం. ఇక మూడింటిలో ఒకటి వాడకుండా పారేశారంటే మీకు ఆఫర్ అసలు రానట్టే, రెండింటికి డబ్బు ఇచ్చి రెండే వాడారు. అందుకే నేను ఒకటే ప్రశ్న వేసుకోమంటాను: ఈ ఆఫర్ లేకపోతే ఇది ఈ రోజు కొనేదాన్నా? లేదు అనిపిస్తే అక్కడే పెట్టేయండి. అవును అయితే, నిల్వ ఉండేదైతే, ఎక్కువే తెచ్చుకోండి. సబ్బులు, ఉప్పు, పప్పులు లాంటివి ఇలాంటప్పుడే కొనాలి.

కొట్లో సరుకు సర్దిన తీరు కూడా ఊరికే ఉండదు. కళ్లకి ఎదురుగా ఉండే అరలో సాధారణంగా ఎక్కువ లాభం వచ్చేవి పెడతారు. కొంచెం వంగి కింద అర చూడండి, అదే సరుకు పేరు లేని కంపెనీదో దుకాణం సొంత బ్రాండుదో తక్కువకి దొరుకుతుంది. ఉప్పు, చక్కెర లాంటి వాటికి బ్రాండు కోసం ఎక్కువ పెట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. నిత్యం కావల్సిన పాలూ బ్రెడ్డూ చాలాచోట్ల లోపలికెక్కడో ఉంటాయి, దారిలో మిగతావన్నీ చూస్తూ వెళ్లాలని. చక్రాల బండి కథ కూడా ఇలాంటిదే. 1937లో అమెరికాలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు, చేతి బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి దాన్ని తయారుచేయించాడు. కాబట్టి నాలుగు వస్తువుల కోసం వెళ్తే చేతి బుట్టే తీసుకోండి, బండి జోలికి పోవద్దు. ఆకలి మీద మాత్రం వెళ్లకండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి రెండు మాటలు. ఉచిత డెలివరీ కోసం ఇంకొంచెం కలపండి అని అడిగినప్పుడు, కలిపే వస్తువు ఎలాగూ కావల్సిందా కాదా చూడండి. కాకపోతే డెలివరీ డబ్బు కట్టేయడమే నయం. నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లలో ఒక్కో వస్తువుకి ఒక్కో ఆర్డర్ పెట్టే అలవాటు ఉంటే, నెలంతా కట్టిన అదనపు చార్జీలు ఒక్కసారి కూడి చూసుకోండి. కావల్సింది బుట్టలో వేసి ఆర్డర్ పెట్టకుండా రేపటిదాకా వదిలేయండి, తెల్లారేసరికి సగం అక్కర్లేదనిపిస్తుంది.

ఎక్కువ కొన్నవి పాడవకుండా

ఎక్కువ మొత్తంలో కొనదగ్గవి బియ్యం, పప్పులు, ఉప్పు, చక్కెర, సబ్బులు. కొనకూడనివి పొడి మసాలాలు, పల్లీలూ నువ్వులూ లాంటి నూనె గింజలు, పొట్టుతో సహా పట్టించిన పిండి. పొడి చేసిన మసాలా వాసన త్వరగా పోతుంది, గింజల్లోనూ అలాంటి పిండిలోనూ సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అవి ముక్కిపోతాయి. నూనె కూడా అంతే, వెలుతురూ వేడీ గాలీ తగిలితే చెడుతుంది, పొయ్యి పక్కన పెట్టకండి.

పప్పులకి, పిండికి పురుగు పడుతుందని భయమైతే ఒక పని చేయండి. తెచ్చిన ప్యాకెట్‌ని గాలి చొరబడకుండా కట్టి మైనస్ 18 డిగ్రీలు ఉండే ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే పురుగులూ వాటి గుడ్లూ చచ్చిపోతాయి. బయటికి తీశాక వెంటనే విప్పొద్దు. మామూలు వేడికి వచ్చేదాకా కట్టి ఉంచకపోతే చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మకి బూజు పడుతుంది. తర్వాత పూర్తిగా ఆరిన డబ్బాలో పోసుకోండి. పాత సరుకు డబ్బా అడుగున ఉండగానే కొత్తది దాని మీద పోయకండి, పాతది తీసి పక్కన పెట్టి, కొత్తది పోసి, పాతది పైన వేయండి.

కూరగాయల్లో ఉల్లిపాయలనీ బంగాళాదుంపలనీ ఒకే బుట్టలో పెట్టొద్దు, రెండూ త్వరగా చెడతాయి. అరటి, యాపిల్, టమాటా పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, పక్కనున్న ఆకుకూరలు దాంతో పసుపు పడతాయి. ఆకుకూర తెచ్చిన రోజే కట్ట విప్పి, నలిగినవీ కుళ్లినవీ ఏరేసి, కడగకుండా పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పెట్టండి. ఒక్క కుళ్లిన ఆకు లోపల ఉండిపోతే కట్ట మొత్తం పోతుంది. బ్రెడ్డు ఫ్రిజ్‌లో బయటకంటే త్వరగా గట్టిపడుతుంది, రెండు మూడు రోజుల్లో అవదనుకుంటే ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మంచిది.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. తలుపు తీసినప్పుడల్లా వేడి గాలి తగిలేది తలుపు అరలకే, పాలు అక్కడ కాకుండా లోపల పెడితే ఎక్కువ రోజులు ఉంటాయి. కళ్లకి ఎదురుగా ఒక చిన్న బుట్ట పెట్టి, ముందు అవగొట్టాల్సినవన్నీ అందులో వేయండి, వంట మొదలుపెట్టే ముందు చేయి ముందు ఆ బుట్టలోకే వెళ్లాలి. మిగిలిన వంటని రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేసి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

ప్యాకెట్ మీద తేదీల గురించి చాలామందికి అయోమయం ఉంది. బెస్ట్ బిఫోర్ అంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని. సరిగ్గా నిల్వ చేసిన పప్పో బిస్కెట్టో ఆ మర్నాడే విషమైపోదు, వాసన చూసి రుచి చూసి నిర్ణయించుకోవచ్చు. యూజ్ బై, ఎక్స్‌పైరీ అని ఉన్నవి మాత్రం వేరు. ముఖ్యంగా మాంసం, చేపలు, పాల పదార్థాల విషయంలో ఆ తేదీ దాటితే పొదుపు చూసుకోవద్దు, పారేయండి. కొట్లో పాత తేదీ సరుకు ముందు వరసలో పెడతారు. ఈ రాత్రికే వండేదైతే ముందుదే తీసుకోండి, తేదీ దగ్గరపడి తగ్గింపులో ఉంటే ఇంకా మంచిది. వారం దాచుకోవాలంటే వెనక వరసలోంచి తీయండి.

ఎక్కడ తగ్గించకూడదో కూడా చెప్పాలి. పండ్లు, కూరగాయలు, పాలు, పప్పుల్లో కోత పెట్టి, ప్యాకెట్ చిరుతిళ్లూ తీపి పానీయాలూ అలాగే ఉంచేసే ఇళ్లున్నాయి. దయచేసి ఆ వరస తిప్పండి. ఏ కాలంలో ఏవి బాగా పండుతాయో అవి కొంటే కూరగాయలు, పండ్ల ఖర్చు దానంతటదే తగ్గుతుంది. తరిగి అమ్మే కూరగాయల్లో వాటిని తరిగినందుకు కూలి కూడా మీరే కడుతున్నారు, పైగా అవి త్వరగా పాడవుతాయి. ఒంట్లో బాగాలేనప్పుడు కొనుక్కోండి, రోజూ మాత్రం వద్దు.

బిల్లు అక్కడే చదవండి. తగ్గింపు రాసి ఉన్న వస్తువు పాత ధరకే బిల్లులో పడటం, ఒకటే వస్తువు రెండుసార్లు కొట్టడం జరుగుతుంటాయి. విడి సరుకు తూచేటప్పుడు కాటా సున్నా మీద ఉందా లేదా చూసుకోండి. ఆ బిల్లులోంచే, మీ ఇంట్లో ఎక్కువగా వాడే ఓ పది వస్తువుల కిలో ధరలు, కొన్న తేదీ, కొన్న చోటు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోండి. రెండు మూడు నెలలయ్యాక ఏ ఆఫర్ నిజమైనదో, ఏది ముందు ధర పెంచి తర్వాత తగ్గించినదో ఎవరినీ అడగకుండా మీకే తెలుస్తుంది. పది వస్తువులూ ఒకేసారి మొదలుపెట్టడం కష్టమైతే బియ్యం, నూనె, పాలతో మొదలుపెట్టి మిగతావి తర్వాత కలుపుకోండి.