మొద్దునిద్ర పోయేవారి ఇంట్లో గన్ ఉంటే రాత్రిపూట భద్రత ఎలా చూసుకోవాలి?

మన ఇళ్ళలో బంగారం ఉంటుందన్న సంగతి అమెరికాలో దొంగలకు కూడా తెలుసు. 2011–14 మధ్య జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో భారతీయ, ఇతర ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరి మరీ చొరబడిన ముఠా ఒకటి ఉండేది. దాని నాయకురాలికి తర్వాత కోర్టు 37 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ఇలాంటి వార్తలు చదివి, గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో వచ్చాక గన్ కొనుక్కునే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కొన్నాక కొందరికి ఇంకో టెన్షన్ మొదలవుతుంది. "పక్కన పిడుగు పడినా నాకు మెలకువ రాదు, ఇక గన్ ఉండి ఏం లాభం?" అని.

ఈ ప్రశ్నకు చాలామందికి వెంటనే తోచే జవాబు గన్‌ను దిండు కిందో, మంచం పక్క సొరుగులోనో పెట్టుకోవడం. దయచేసి ఆ పని చేయకండి. మొద్దునిద్ర పోయే మనిషికి కావాల్సింది సమయం. దొంగ లోపలికి రావడానికి ఎక్కువసేపు పట్టాలి, మీకు తొందరగా మెలకువ రావాలి, గన్ చేతికి వచ్చేలోపు బుర్ర పూర్తిగా తేరుకోవాలి. కింద చెప్పే పనులన్నీ ఈ సమయం సంపాదించడానికే.

ముందుగా మీ వీసా చూసుకోండి

హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1, బి-2 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవారు గన్ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి, ఇంకా కొన్ని సందర్భాలకు మినహాయింపులున్నాయి. కానీ వాటిని నమ్ముకుని అడుగు వేసేముందు లాయర్‌ను కలవాల్సిందే, ఎందుకంటే గన్ కేసు పడితే జైలుతో ఆగదు, దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. భర్తకు గ్రీన్‌కార్డు ఉండి భార్య ఇంకా వీసా మీదే ఉంటే, ఆమెకు గన్ దాచిన సేఫ్ (ఇనప్పెట్టె) కోడ్ చెప్పవచ్చా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. గన్ తనది కాకపోయినా, అది తన అందుబాటులో ఉంటే తన దగ్గర ఉన్నట్టే చట్టం చూసే వీలుంది.

నిద్రమత్తు ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో పడుతుంది. ఆ సమయంలో ఎవరైనా లేపితే మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు, నడుస్తాడు కూడా. కానీ నిర్ణయం తీసుకునే శక్తి మాత్రం వెంటనే రాదు. ఆ మత్తు వదలడానికి సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నిద్ర చాలనివాళ్ళకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఆఫ్‌షోర్ కాల్స్ ముగించుకుని ఒంటిగంటకు పడుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మీది పుట్టుకతో వచ్చిన మొద్దునిద్రేనా, వేరే కారణం ఉందా అన్నది కూడా చూసుకోండి. గట్టిగా గురక వస్తూ, పొద్దున లేచాక కూడా అలసట తీరకపోతే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. నిద్రమాత్రలు, మత్తునిచ్చే అలర్జీ మందులు, మందు కొట్టి పడుకోవడం, చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకోవడం, ఇవన్నీ మెలకువను దూరం చేసేవే. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు వేసుకున్నవారు నిద్రలోనే లేచి నడవడం, కారు నడపడం జరిగాయి. అందుకే 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుల మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను పెట్టించింది. మీరు ఆ మాత్రలు వాడుతున్నా, నిద్రలో నడిచే అలవాటు ఉన్నా, రాత్రిపూట గన్ మీ చేతికి అసలు అందకూడదు. ఇందులో మధ్యేమార్గం లేదు.

తలుపులకు బలం పెంచండి

డెడ్‌బోల్ట్ (తలుపు గట్టి గడియ తాళం) ఎంత మంచిదైనా, ఆ గడియ దూరేందుకు ఎదురుగా చట్రానికి బిగించిన ఇనప రేకు, అంటే స్ట్రైక్ ప్లేట్, బలంగా లేకపోతే ఒక్క తన్నుకే తలుపు ఊడి వస్తుంది. చాలా ఇళ్ళలో ఆ ప్లేటుకు అంగుళం కూడా లేని స్క్రూలు ఉంటాయి. వాటిని తీసేసి, గోడలోపలి చెక్క స్టడ్ దాకా దిగే 3 అంగుళాల స్క్రూలు బిగించండి. నాలుగైదు డాలర్ల ఖర్చు, అరగంట పని. పెరటి స్లైడింగ్ డోర్ గాడిలో కొలతకు కోసిన కర్ర ఒకటి పెట్టండి.

మన ఇళ్ళలో అసలు బలహీనత గరాజ్. చెప్పులు, బూట్లు అక్కడే విడిచి లోపలికి రావడం అలవాటు కాబట్టి, గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపుకు చాలామంది తాళమే వేయరు. బయట డ్రైవ్‌వేలో నిలిపిన కారులో గరాజ్ రిమోట్ ఉంటే, ఆ కారు అద్దం పగలగొడితే ఇంటి తలుపు తెరిచినట్టే. రాత్రి ఆ రిమోట్ లోపల ఉండాలి, ఆ లోపలి తలుపుకు తాళం పడాలి. పెళ్ళిళ్ళకు, పండగలకు వేసుకునే బంగారాన్ని బ్యాంకు లాకర్‌లో పెట్టండి. సగం భయం అక్కడితో తీరిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 2003–07 మధ్య దేశంలో జరిగిన ఇళ్ళ దొంగతనాలను అమెరికా న్యాయ గణాంకాల విభాగం పరిశీలించింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండగా జరిగినవి సుమారు 28 శాతం. మొత్తం దొంగతనాల్లో ఇంటివాళ్ళ మీద ఏదో ఒక హింస జరిగినవి 7 శాతం. అంటే ఎక్కువమంది దొంగలు మనుషులు లేని ఇల్లే వెతుక్కుంటారు. వాకిట్లో లైటు, మోత మోగించే అలారం, మొరిగే కుక్క, వీటిలో ఏదున్నా చాలామంది వెనక్కి తిరుగుతారు.

మిమ్మల్ని నిజంగా లేపే ఏర్పాటు చేసుకోండి

చాలా ఇళ్ళలో అలారం ఉంటుంది, కానీ దాని సైరన్ కింద వీధి తలుపు దగ్గర ఉంటుంది. మీరు మేడమీద తలుపు వేసుకుని, ఫ్యాన్ పెట్టుకుని పడుకుంటారు. అందుకే పడకగదిలోనే ఇంకో సైరన్ పెట్టించండి. వీలైతే సన్నగా కాకుండా బొంగురుగా మోగేదాన్ని చూడండి. పొగ అలారాల మీద జరిగిన పరిశోధనల్లో, మామూలుగా వచ్చే సన్నని కీచు శబ్దం కంటే 520 హెర్ట్జ్ దగ్గర ఉండే బొంగురు శబ్దం పిల్లల్నీ, వినికిడి తగ్గినవాళ్ళనీ, గాఢనిద్రలో ఉన్నవాళ్ళనీ బాగా లేపుతుందని తేలింది. పొగ అలారం కొనేటప్పుడు కూడా ఈ రకం ఉందేమో అడగండి, ఎందుకంటే మొద్దునిద్ర పోయేవారికి దొంగ కంటే మంట పెద్ద ప్రమాదం.

శబ్దంతో పని జరగదనుకుంటే, వినికిడి లేనివారి కోసం తయారుచేసిన బెడ్ షేకర్లు దొరుకుతాయి. పరుపు కింద పెడితే మంచాన్ని ఊపేస్తాయి. అలారం మోగగానే గదిలో లైట్లన్నీ పూర్తి వెలుగుతో వెలిగేలా స్మార్ట్ బల్బులను కలిపితే మత్తు ఇంకా తొందరగా వదలవచ్చు.

సెట్టింగ్స్‌లో ఒక్కటి తప్పక మార్చండి. తలుపు తెరిచాక సైరన్ మోగే ముందు, ఇంటివాళ్ళు కోడ్ కొట్టడానికని అలారం కొంత వ్యవధి ఇస్తుంది. రాత్రి అందరూ లోపలే ఉన్నప్పుడు ఆ వ్యవధితో పనిలేదు. రాత్రి మోడ్‌లో దాన్ని సున్నా చేయండి. కిటికీలకు గాజు పగిలే శబ్దం పట్టే సెన్సర్ ఉంటే, దొంగ ఇంకా బయట ఉండగానే మీరు లేస్తారు.

ఇదంతా పనిచేస్తుందో లేదో పరీక్షించాలి. ఒక శుక్రవారం రాత్రి, మీరు నిద్రపోయిన గంటకు, అలారం మోగించమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఏ రాత్రో మీకు తెలియకపోతే ఇంకా మంచిది. ఆ వారమంతా గన్ ఇంట్లో ఉండకూడదు, లేదా కోడ్ ఇంకొకరి దగ్గరే ఉండాలి. అలారం మోగితే పోలీసులకు కబురు చేసే మానిటరింగ్ కంపెనీకి ముందే చెప్పి టెస్ట్ మోడ్‌లో పెట్టడం మరవకండి.

గన్‌ను లేచి నడిచేంత దూరంలో, తాళంలో పెట్టండి

త్వరగా తెరుచుకునే చిన్న సేఫ్ తీసుకుని, గదిలో మంచానికి అవతలి గోడకో, క్లోజెట్ లోపలో బోల్టులతో బిగించండి. పడుకునే అందుకోగలిగితే అది తప్పు చోటు. మంచం దిగాలి, నాలుగడుగులు వేయాలి, కోడ్ నొక్కాలి. కోడ్ గుర్తురాకపోతే మీ బుర్ర ఇంకా లేవలేదని అర్థం, అప్పుడు గన్ చేతిలో లేకపోవడమే మంచిది. పిల్లల పుట్టినరోజును కోడ్‌గా పెట్టకండి, వాళ్ళు మొదట కొట్టి చూసేది అదే.

వేలిముద్ర సేఫ్‌ల మీద నాకు నమ్మకం తక్కువ. చెమట పట్టిన వేలిని గుర్తుపట్టకపోవడం ఒకటి. ఇంకొకటి మరీ ఘోరం. 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ సుమారు 61 వేల వేలిముద్ర గన్ సేఫ్‌లను వెనక్కి రప్పించింది, యజమాని వేలిముద్ర నమోదైందనుకున్నా ఎవరి వేలికైనా అవి తెరుచుకుంటున్నాయని. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకడు చనిపోయాక జరిగింది ఇది. మీ దగ్గర అలాంటిది ఉంటే ఇంట్లో అందరి వేళ్ళతో ఈరోజే తెరిచి చూడండి, అదీ ఖాళీ సేఫ్‌తో.

చట్టం కూడా తెలుసుకోండి. పేల్చడానికి సిద్ధంగా ఉన్న గన్‌ను నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందితే టెక్సస్‌లో అది నేరం. మాసచూసెట్స్‌లోనైతే, గన్ మీ అదుపులో లేనప్పుడల్లా తాళంలో ఉండాల్సిందే.

ఇంకో మాట, గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో గన్‌తో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. లేఆఫ్, వీసా గడువు, ఇంట్లో గొడవలు, వీటితో ఎవరైనా కుంగిపోయి ఉన్నప్పుడు గన్‌ను కొన్నాళ్ళు ఇంటి బయట భద్రపరచండి. ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేస్తే ఏ వేళైనా మాట్లాడేవాళ్ళు ఉంటారు.

ఎవరో తెలియకుండా గన్ ఎత్తకండి

మన ఇళ్ళలో అర్ధరాత్రి చప్పుడు చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికే లేచి, మిమ్మల్ని లేపడం ఎందుకని లైటు వేయకుండా వంటింట్లో టీ పెట్టుకుంటారు. పొద్దున్నే వచ్చేస్తానన్న బావమరిది ఫ్లైట్ ముందే దిగిందని గరాజ్ కోడ్ కొట్టి లోపలికి వస్తాడు. టీనేజ్ పిల్లలు చెప్పకుండా బయటికి వెళ్ళి పెరటి తలుపులోంచి వస్తారు. వీళ్ళలో ఎవరికీ ఏమీ కాకూడదు.

2013 ఫిబ్రవరి 14న దక్షిణాఫ్రికా పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ మూసి ఉన్న టాయిలెట్ తలుపులోంచి కాల్చాడు. లోపల దొంగ ఉన్నాడనుకున్నానని చెప్పాడు. లోపల ఉన్నది అతని స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్. ఆ వాదన అతన్ని కాపాడలేదు, చివరికి హత్యానేరం ఖాయమైంది. కోర్టులు, శిక్షలు ఒకెత్తు. మూసిన తలుపు అవతల ఎవరున్నారో చూడకుండా కాలిస్తే ఆ తూటాను ఎవరూ వెనక్కి తేలేరు.

అందుకని సేఫ్ పక్కనే విడిగా ఒక మంచి టార్చ్ పెట్టండి. గన్‌కు బిగించిన లైటుతో చూడాలంటే, ముందు గొట్టాన్ని ఆ మనిషి వైపు తిప్పాలి. అది మీ అమ్మగారు కావచ్చు. చేతి టార్చ్ ఉంటే ఆ అవసరం ఉండదు. "ఎవరది?" అని గట్టిగా తెలుగులోనే అడగండి. రాత్రి ఆ కేక వినిపిస్తే ఎక్కడున్నా వెంటనే పేరు చెప్పాలని పిల్లలకు, వచ్చిన చుట్టాలకు ముందే నేర్పండి. చుట్టాలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ హాల్లో, వంటింట్లో రాత్రంతా చిన్న లైట్లు వెలగనివ్వండి, లోపలి మోషన్ సెన్సర్లు ఆపేయండి.

ఇక్కడి ఇళ్ళ లోపలి గోడలు పలచని జిప్సమ్ బోర్డులు. తూటా అలాంటి గోడలను ఒకటి కాదు, కొన్నింటిని దాటుకుని పోతుంది. మీ గది నుంచి ఏ గోడ వెనక ఎవరి మంచం ఉందో పగటిపూట ఒకసారి నడిచి చూసుకోండి.

గదిలోనే ఉండి 911కి ఫోన్ చేయండి

ఇల్లంతా వెతుక్కుంటూ తిరగకండి. పిల్లల గది అవతల ఉంటే వాళ్ళను ఎవరు తీసుకురావాలో ముందే అనుకోండి, తెచ్చాక అందరూ ఒకే గదిలో తలుపు వేసుకుని ఉండండి. ఆ గదికి లోపల బోలుగా ఉండే తలుపు బదులు దట్టమైన చెక్క తలుపు, గట్టి గడియ పెట్టించండి. ఫోన్ చార్జర్ ఆ గదిలోనే ఉండాలి, కింద వంటింట్లో కాదు.

ఫోన్‌లో ముందు అడ్రస్ చెప్పండి, తర్వాత మీరు ఏ గదిలో ఉన్నారో, ఎంతమంది ఉన్నారో, మీరు ఏ రంగు బట్టలు వేసుకున్నారో, గన్ మీ దగ్గర ఉందన్న సంగతీ చెప్పండి. ఫోన్ పెట్టేయకండి. పోలీసులు వచ్చారని 911 నుంచి ఖాయంగా తెలిశాక గన్‌ను తిరిగి సేఫ్‌లో పెట్టేసి, ఖాళీ చేతులు కనిపించేలా నిలబడండి. ఆ చీకట్లో మీరు ఇంటి యజమాని అన్న సంగతి వాళ్ళకు ముఖం చూసి తెలియదు.

ఈ వరసంతా రెండు మూడు నెలలకు ఒకసారి, గన్ సేఫ్‌లో తాళం వేసే ఉంచి, కుటుంబమంతా కలిసి ఒక్కసారి చేసి చూడండి. అదేరోజు సేఫ్, టార్చ్, సెన్సర్ల బ్యాటరీలు కూడా చూసుకోండి. చాలా సేఫ్‌లకు బ్యాటరీ అయిపోతే వాడే తాళంచెవి ఒకటి ఇస్తారు. దాన్ని ఆ సేఫ్‌లోనే పెట్టి తాళం వేయకుండా, పిల్లలకు తెలియని చోట దాచండి.