విశాఖ తీరంలో పరిశ్రమలకు హైడ్రోజన్: ప్రాంతీయ ప్రణాళిక వేసే పద్ధతి

ప్రణాళికను ఎలక్ట్రోలైజర్‌తో (కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రంతో) కాక, కొనేవారితో మొదలుపెట్టాలి. విశాఖ రిఫైనరీకి ఇంధనాల్లోని గంధకాన్ని తొలగించడానికి హైడ్రోజన్ ఇప్పటికే కావాలి. ఎరువుల కర్మాగారాలకు కావలసింది హైడ్రోజన్‌తో తయారయ్యే అమ్మోనియా. ఏడాది సగటు ఒక్కటే అడిగితే చాలదు. గంటవారీ వాడకం, స్వచ్ఛత, పీడనం, మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే నెలలు రాతపూర్వకంగా తీసుకోవాలి.

తరువాత కరెంటు లెక్క వేయాలి. కిలోకు సుమారు 55 యూనిట్ల చొప్పున, ఏడాదికి 10,000 టన్నులకు 55 కోట్ల యూనిట్లు అవసరం. ఏడాది సగటున తమ సామర్థ్యంలో 25 శాతం కరెంటు ఇచ్చే సౌర ఫలకాలైతే దాదాపు 250 మెగావాట్లు పెట్టాలి. అయితే సౌరశక్తి ఒక్కటే ఉంటే ఎలక్ట్రోలైజర్ రాత్రంతా ఖాళీగా ఉంటుంది కాబట్టి, పవన విద్యుత్తునూ, పిన్నాపురం వంటి పంప్డ్ స్టోరేజీనీ (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటును) కలిపి చూడాలి. నీరు రసాయనికంగా కిలోకు 9 లీటర్లే అయినా, శుద్ధికీ శీతలీకరణకూ కలిపి అంతకు రెండు మూడు రెట్లు పడుతుంది. తాగునీటి జోలికి పోకుండా సముద్రపు నీటిని శుద్ధిచేసి వాడడమే న్యాయం.

నిల్వ దగ్గరే ప్రణాళికలు ఎక్కువగా తడబడతాయి. పై లెక్కలో రోజుకు 27 టన్నులు, మూడు రోజుల భరోసాకు 80 టన్నులకు పైగా కావాలి. గంటల అవసరానికి పీడన ట్యాంకులు, వారాల అవసరానికి మైనస్ 33 డిగ్రీల వద్ద ద్రవ అమ్మోనియా సరిపోతాయి. కానీ అమ్మోనియాను తిరిగి హైడ్రోజన్‌గా మార్చితే శక్తి నష్టం ఎక్కువ, అందుకే దాన్ని అమ్మోనియాగానే వాడేవారికి ఇవ్వాలి. 2020 మేలో స్టైరీన్ ఆవిరి లీకై ప్రాణాలు పోయిన నగరం ఇది. భూమి కేటాయించకముందే, గాలి దిశను బట్టి ఇళ్లకు ఉండవలసిన దూరాన్ని నిర్ణయించి తీరాలి.