ఉడుతల వేటలో మజిల్‌లోడర్: ఒక గుండుకూ మరో గుండుకూ మధ్య గొట్టం శుభ్రపరచడం (నా అనుభవం)

మిస్సోరీ అడవుల్లో ఉడుతల వేటకు నేను వాడేది మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతి నుంచే మందూ గుండూ నింపే తుపాకి. నాది పెర్కషన్ క్యాప్‌తో (దెబ్బ తగిలితే పేలి నిప్పు పుట్టించే చిన్న లోహపు మూతతో) పేలే 0.36 క్యాలిబర్‌ది. కొన్ని గుండ్లు కాల్చేసరికి గొట్టంలో మసి పేరుకుని, గుడ్డముక్క చుట్టిన సీసపు గుండు సగంలోనే బిగుసుకునేది. తుడిచి నింపితే క్యాప్ పేలినా మందు అంటుకునేది కాదు. పలుచటి గుడ్డ, ఎక్కువ కొవ్వు, నీళ్లోడే గుడ్డ, ఏదీ ఫలించలేదు.

ఇందులో పోసే మందు, అంటే బ్లాక్ పౌడర్, కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి, గాలిలోని తేమను పీల్చి ముద్దవుతుంది. గొట్టం తుడిచే కడ్డీ కొసన ఉన్న ఇత్తడి జాగ్ (గుడ్డను పట్టి ఉంచే గాళ్లున్న ముక్క) మరీ బిగుతుగా ఉంటే, ఆ ముద్దనంతా అడుక్కు నెట్టి నిప్పు వెళ్లే సన్నని దారిని మూసేస్తుంది. అందుకే జాగ్‌ను వెంట్రుకవాసి సన్నం చేయించాను. ఇప్పుడు గుడ్డ దిగేటప్పుడు మసి మీదుగా జారి, పైకి లాగేటప్పుడు జాగ్ గాళ్లలో ముడుచుకుని మసిని ఊడ్చుకొస్తుంది.

కాల్చిన వెంటనే, మళ్లీ మందు పోయకముందే, పాత క్యాప్ తీసేసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డను ఒకే ఊపున అడుగుదాకా దింపి, క్షణం ఆగి, నెమ్మదిగా లాగుతాను. ముందుకూ వెనక్కూ రుద్దను. గుడ్డను తిరగేసి మరోసారి, ఆపై పొడిగుడ్డ. ఈ తడి లోపల మిగిలిన నిప్పురవ్వలను కూడా ఆర్పుతుంది కాబట్టి ఎంత తొందరలో ఉన్నా దీన్ని వదలకూడదని నా గట్టి అభిప్రాయం. చివరగా ఖాళీ గొట్టం మూతిని నేలమీది ఆకు వైపు ఉంచి ఒక క్యాప్ పేలుస్తాను. ఆకు కదిలితే దారి తెరుచుకున్నట్టే.

అడుగున గది సన్నబడే బ్రీచ్ (గొట్టం వెనుక కొస) ఉన్న తుపాకుల్లో జాగ్ అక్కడిదాకా చేరదు కనుక వాటికి ఇది సరిపోకపోవచ్చు. ఫ్లింట్‌లాక్ (క్యాప్‌కు బదులు చెకుముకి రాయి నిప్పుతో పేలే తుపాకి) మీద నేను ప్రయత్నించలేదు.