క్లిప్-ఆన్ థర్మల్ పాఠాలు – 3: ఏది బాగా చూపిస్తుంది?

గత పాఠంలో క్లిప్-ఆన్‌ను, అంటే వేడిని బొమ్మగా చూపే పరికరాన్ని, రైఫిల్ పగటి స్కోపు ముందు బిగించి, తూటా తగిలే చోటు జరుగుతోందా అని చూశాం. ఈసారి రెండు క్లిప్-ఆన్‌ల బొమ్మను పోల్చడం నేర్చుకుందాం. ఉదాహరణలన్నీ టెక్సాస్‌లో రాత్రిపూట అడవిపందుల వేటవి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అక్కడ దీన్ని ప్రయత్నించకండి.

పెట్టె మీద ‘640’ (సెన్సర్‌లో అడ్డంగా ఉన్న పిక్సెళ్ల సంఖ్య) అని ఉంటే చాలదు. పిక్సెల్ సైజు మైక్రాన్లను లెన్స్ ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించండి. 12ను 50తో భాగిస్తే 0.24. అంటే 100 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్‌లో 2.4 సెంటీమీటర్లు ఇముడుతాయి. 17 మైక్రాన్లు, 50 ఎంఎం అయితే 3.4. 12 మైక్రాన్లు, 35 ఎంఎం అయినా దాదాపు అదే. 12 మైక్రాన్ల కొత్త సెన్సర్ అని ఎక్కువ డబ్బు పోసే ముందు ఈ లెక్క వేయండి.

300 మీటర్లకు ఆ 2.4 కాస్తా 7.2 అవుతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తున్న పందికి దక్కేది ఎనిమిది పిక్సెళ్లు. అమెరికా సైనిక పరిశోధకుడు జాన్ జాన్సన్ 1958లో చెప్పిన కొలత ప్రకారం, ఉన్నది ఏమిటో పోల్చుకోవడానికి దాదాపు అన్నే కావాలి. అదీ సగం సార్లే సరిగ్గా పోల్చుకోగలం. రాంచ్‌లో దూడలు కూడా ఆ గడ్డిలోనే పడుకుంటాయి. పందో దూడో తేలకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. బొమ్మ నాణ్యత గురించి నేనింత పట్టుబట్టేది అందుకే.

పగటి స్కోపు జూమ్ పెంచితే వివరం పెరగదు. 3ఎక్స్‌లో బొమ్మ స్కోపు నిండా ఉందనుకుందాం. 6ఎక్స్‌కు వెళ్తే అడ్డంగా మిగిలేవి 640లో 320 పిక్సెళ్లే, అవే పెద్దవై గళ్లుగా కనిపిస్తాయి. కాబట్టి మీరు మామూలుగా వాడే జూమ్‌లోనే రెండింటినీ చూడండి.

నా మొదటి రాత్రి బొమ్మ మసకగా ఉంటే క్లిప్-ఆనే బాగోలేదనుకున్నాను. తీరా చూస్తే పగటి స్కోపు పారలాక్స్ నాబ్ (దూరానికి తగ్గట్టు ఫోకస్ సరిచేసేది) 100 గజాల దగ్గరే ఉండిపోయింది. క్లిప్-ఆన్ తెర మీది బొమ్మ ఎక్కడో చాలా దూరాన ఉన్నట్టు స్కోపుకు అందుతుంది. నాబ్‌ను ఆ దూరపు చివరికి తిప్పగానే పిక్సెళ్లు విడివిడిగా తేలాయి.

ఇక పరీక్ష. తూటాలు తీసేసిన రైఫిల్‌ను బల్ల మీద స్టాండుకు ఆనించండి. 100 మీటర్ల దూరంలో వేడినీళ్ల బకెట్ పెట్టి, దాని ముందు అట్ట నిలబెట్టండి. అట్టలో 5 సెంటీమీటర్ల వెడల్పున నిలువు చీలికలు, మధ్యలో అంతే వెడల్పు అట్ట ఉండాలి. అట్ట వేడెక్కకముందే చూసేయండి. 12 మైక్రాన్ల, 50 ఎంఎం దానిలో చీలికలు విడివిడిగా కనిపించాలి. 35 ఎంఎం దానిలో అవి కలిసిపోతున్నట్టు ఉంటాయి.

రెండింటికీ ఒకే రంగుల మోడ్ పెట్టి, చూసే ముందు సెన్సర్‌ను సరిచేసే ఎన్‌యూసీ బటన్ నొక్కండి. పొద్దుగూకగానే ఒకసారి, మంచు కురిసే తెల్లవారుజామున ఇంకోసారి చూడండి. సాయంత్రం రాళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, ఏ సెన్సరైనా బాగున్నట్టే ఉంటుంది. గాలిలో తేమ నిండి, నేలా గడ్డీ ఒకే చల్లదనానికి వచ్చాక తక్కువ ఎన్‌ఈటీడీ (పట్టగలిగే అతి చిన్న ఉష్ణోగ్రత తేడా) ఉన్న సెన్సర్ విలువ తెలుస్తుంది.

వచ్చే పాఠం లోపు 100, 200, 300 మీటర్లలో ఒకే ఆవును రెండింటిలోనూ చూడండి. తూటాలు లేవని మరోసారి సరిచూసుకున్నాకే, రాంచ్ యజమాని అనుమతితోనే. చెవులు ఏ దూరం వరకు కనిపించాయో రాసి పెట్టుకోండి.