లింకు నొక్కితే వ్యాసం తెరుచుకుంటోందా? కాలేజీ లైబ్రరీలో ఫుల్‌టెక్స్ట్ లింకులను కొలవడం, బాగుచేయడం

నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద పరిశోధన చేసే విద్యార్థికి రెండు కాలాల వ్యాసాలు కావాలి. 1994–95లో తెల్లమచ్చ జబ్బు టైగర్ రొయ్యను దెబ్బతీసిన నాటివి కొన్ని, 2009 తర్వాత వెనామీ వచ్చాక రాసినవి కొన్ని. గూగుల్ స్కాలర్‌లో శీర్షిక దొరుకుతుంది. పక్కనే మన లైబ్రరీ పేరుతో లింకు కనిపిస్తుంది. నొక్కితే జర్నల్ ముఖపేజీ దగ్గర ఆగిపోతుంది, లేదంటే డబ్బు కట్టమంటుంది. రెండుసార్లు ఇలా అయితే ఆ అబ్బాయి మూడోసారి ఆ లింకు జోలికి పోడు. సీనియర్లనో వాట్సాప్ గ్రూపునో అడుగుతాడు. ఫిర్యాదు మాత్రం లైబ్రరీకి రాదు. కాబట్టి ఫిర్యాదులు లేవని లింకులు బాగున్నట్టు అనుకోకూడదు, కొలిచి చూడాలి.

లింకు నడిచే దారి తెలిస్తేనే అది ఎక్కడ తెగిందో తెలుస్తుంది. డేటాబేస్‌లో వ్యాసం వివరాలు ఉంటాయి: జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు నంబరు), సంవత్సరం, వాల్యూమ్, ఇష్యూ, మొదటి పేజీ, డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు). వీటన్నిటినీ ఒక పొడవాటి చిరునామాలో కూర్చి లింక్ రిజాల్వర్‌కు, అంటే వ్యాసం మనకు ఎక్కడ దొరుకుతుందో వెతికే సాఫ్ట్‌వేర్‌కు, పంపుతారు. ఆ చిరునామానే ఓపెన్‌యూఆర్‌ఎల్ అంటారు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వాన్ డి సొంపెల్ బృందం 1990ల చివర్లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఆ తర్వాత అమెరికా సమాచార ప్రమాణాల సంస్థ నైసో ప్రమాణమైంది. రిజాల్వర్ తన నాలెడ్జ్ బేస్ (మనకు వచ్చే జర్నళ్ల జాబితా) తీసి, ఈ జర్నల్ ఈ సంవత్సరానికి మనకు ఉందా, ఏ ప్యాకేజీలో ఉందని చూసుకుంటుంది. ఉంటే ప్రచురణకర్త సైట్‌కు సరిపోయేలా కొత్త లింకు తయారుచేస్తుంది. ఆ సైట్ మన ఐపీని (నెట్ కనెక్షన్ చిరునామాను) గానీ లాగిన్‌ను గానీ గుర్తుపట్టి తలుపు తీస్తుంది. అంటే తప్పు జరగడానికి ఐదు చోట్లు: పంపిన వివరాలు, నాలెడ్జ్ బేస్, రిజాల్వర్ కట్టిన లింకు, ప్రచురణకర్త సైట్, మన నెట్‌వర్క్. బాగుచేయడం అంటే సగం పని ఆ చోటు కనిపెట్టడమే.

ముందు కొలత. మనకు బాగా తెలిసిన జర్నళ్లు పది ఏరి పరీక్షిస్తే అన్నీ తెరుచుకుంటాయి, ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. రిజాల్వర్ లాగ్ నుంచి గత 3 నెలల అభ్యర్థనలన్నీ దించుకోండి. ఒకే వ్యక్తి వెంటవెంటనే మళ్లీ మళ్లీ నొక్కినవి తీసేయండి. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి వరుసకూ ర్యాండమ్ అంకె ఇచ్చి, ఆ వరసలో పేర్చి, పైనున్న 200 తీసుకోండి. మూడు నెలల్లో 200 కూడా లేకపోతే వెనక్కి వెళ్లి ఏడాదివి తీయండి, అప్పటికీ చాలకపోతే ఉన్నవన్నీ పరీక్షించండి. 200 ఎందుకంటే, వాటిలో 160 సరిగా తెరుచుకుంటే 80 శాతం అని వస్తుంది, కానీ అసలు విలువ దాదాపు 74 నుంచి 86 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 100 మాత్రమే చూస్తే ఆ ఎడం 72 నుంచి 88 దాకా పోతుంది. 400 చూస్తే 76 నుంచి 84కు తగ్గుతుంది. లింకుకు 3 నిమిషాల చొప్పున 200కు 10 గంటలు పడుతుంది. ఇద్దరు కూర్చుంటే ఒక పనిదినంలో అయిపోతుంది.

పరీక్ష ప్రైవేట్ విండోలోనే చేయాలి. మామూలు విండోలో పాత కుకీలు, పాత లాగిన్‌లు ఉండి, విద్యార్థికి తెరుచుకోనిది మీకు తెరుచుకుంటుంది. 200లో ఒక 40 లింకులను మొబైల్ డేటా మీద, అంటే క్యాంపస్ బయట ఉన్నట్టుగా, మళ్లీ నొక్కండి. ఇద్దరూ వేర్వేరుగా ఒకే 20 లింకులకు కింద చెప్పే గుర్తులు వేసి పోల్చుకోండి. తేడాలు వస్తే దేన్ని ఏమనాలో ముందు తేల్చుకుని మిగతావి మొదలుపెట్టండి.

ఫలితాన్ని "పనిచేసింది, చేయలేదు" అని రెండే గడుల్లో వేయొద్దు. అడిగిన వ్యాసమే తెరుచుకుంటే ఒక గుర్తు. జర్నల్ లేదా ఇష్యూ పేజీ దాకా వచ్చి ఆగితే మరో గుర్తు. ఉందని చెప్పి లేకపోతే, అంటే డబ్బు కట్టమన్నా, ఎర్రర్ వచ్చినా, వేరే వ్యాసం తెరుచుకున్నా, అది మూడోది. లేదని చెప్పినా నిజానికి ఉంటే నాలుగోది. నిజంగానే లేకపోతే ఐదోది, అది తప్పు కాదు. ఈ నాలుగో రకాన్ని చాలామంది లెక్కే పెట్టరు, ఎందుకంటే అక్కడ నొక్కడానికి లింకే ఉండదు. "లేదు" అని వచ్చిన ప్రతి వ్యాసం శీర్షికనూ ప్రచురణకర్త సైట్‌లోనూ గూగుల్ స్కాలర్‌లోనూ చేత్తో వెతికితేనే అది బయటపడుతుంది. మా దృష్టిలో ఐదింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. చందా కట్టిన సొమ్ము మన కళ్ల ముందే వృథా పోతోందన్నమాట.

విఫలమైన ప్రతి లింకునూ విప్పి చూడాలి. అడ్రస్ బార్‌లోని ఓపెన్‌యూఆర్‌ఎల్‌ను కాపీ చేసి, ఆంపర్‌శాండ్ గుర్తు ఉన్న చోటల్లా ఎంటర్ కొట్టండి. ఒక్కో వివరం ఒక్కో వరుసలోకి వస్తుంది. మొదట ఐఎస్‌ఎస్‌ఎన్ చూడండి. ఆక్వాకల్చర్ జర్నల్ ప్రింట్ ఐఎస్‌ఎస్‌ఎన్ 0044-8486 అనుకుందాం. మొదటి ఏడు అంకెలను వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడితే 104 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 5. 11 లోంచి 5 తీస్తే 6. చివరి అంకె 6 కాబట్టి నంబరు సరైనదే. (శేషం సున్నా అయితే చివరి అంకె సున్నా. తీసివేతలో 10 వస్తే అంకెకు బదులు ఎక్స్ ఉంటుంది.) ఒక అంకె తారుమారైనా ఈ లెక్క పట్టిస్తుంది. ఇదే జర్నల్ ఆన్‌లైన్ ఐఎస్‌ఎస్‌ఎన్ 1873-5622. నాలెడ్జ్ బేస్‌లో రెండింటిలో ఒకటే ఉంటే, రెండోదానితో వచ్చిన అభ్యర్థనకు "లేదు" అనే జవాబు రావచ్చు. రెండూ ఎక్కించి ఉన్నాయో లేదో చూడండి.

తర్వాత పేజీ. ఇప్పుడు చాలా జర్నళ్లు పేజీ నంబర్లు వదిలేసి ఆరంకెల వ్యాసం నంబరు ఇస్తున్నాయి. రిజాల్వర్ వాల్యూమ్, ఇష్యూ, మొదటి పేజీ కలిపి లింకు కడుతుంటే ఇలాంటివన్నీ ఇష్యూ పేజీ దగ్గరే ఆగిపోతాయి. సప్లిమెంట్లు, 3–4 లాంటి జంట ఇష్యూలు కూడా ఇలాగే తప్పుతాయి. వీటన్నిటికీ మందు ఒకటే. డీఓఐ ఉంటే ముందు దానితో లింకు కట్టేలా, లేకపోతేనే మిగతా వివరాలు వాడేలా రిజాల్వర్‌లో ఆ టార్గెట్ (లింకు చేరే సైట్) సెట్టింగ్ మార్చండి. డీఓఐకి కూడా జబ్బులున్నాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు చివర ఫుల్‌స్టాప్ అంటుకుని వస్తుంది. తొంభైల నాటి చాలా డీఓఐలలో బ్రాకెట్లు ఉంటాయి, వాటిని ఎన్‌కోడ్ చేయకపోతే లింకు మధ్యలో తెగుతుంది. తెల్లమచ్చ మీద తొలినాటి వ్యాసాలు ఆ కాలానివే కాబట్టి మన ప్రాంతంలో దీన్ని తప్పకుండా పరీక్షించాలి. ఇంకొకటి: డీఓఐ ఎప్పుడూ ప్రచురణకర్త సైట్‌కే తీసుకెళుతుంది. మీకు ఆ జర్నల్ వేరే అగ్రిగేటర్ (పలు ప్రచురణకర్తల జర్నళ్లు కలిపి ఇచ్చే సంస్థ) ద్వారా వస్తుంటే అక్కడ డబ్బు కట్టమనే పేజీయే ఎదురవుతుంది. డీఓఐ ఉన్నా రిజాల్వర్ అవసరం తీరకపోవడానికి కారణం ఇదే.

ఇక అసలు పని నాలెడ్జ్ బేస్‌లో ఉంటుంది. ప్రచురణకర్తలు తమ జర్నళ్ల జాబితాలను కేబార్ట్ అనే పద్ధతిలో ఇస్తారు. నైసో, బ్రిటన్‌కు చెందిన యూకేఎస్‌జీ సంస్థ కలిసి 2010లో తొలి సిఫార్సు తెచ్చాయి, 2014లో రెండో దశ వచ్చింది. ఇది ట్యాబ్‌లతో విడదీసిన టెక్స్ట్ ఫైలు. దాన్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిచారా, చిక్కులు మొదలైనట్టే. అడ్డగీత లేని 00448486 కాస్తా 448486 అవుతుంది. ఇష్యూ 3-4 ఏప్రిల్ 3వ తేదీగా మారుతుంది. సంవత్సరం ముందు రావాల్సిన తేదీలు తిరగబడతాయి. సేవ్ చేసి రిజాల్వర్‌లోకి ఎక్కిస్తే వందల జర్నళ్లు ఒక్క దెబ్బకు మాయమవుతాయి. డేటా ఇంపోర్ట్ మెనూ ద్వారా తెరిచి, అన్ని కాలమ్‌లనూ టెక్స్ట్ అని ఎంచుకుని, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద పనిచేయండి.

ఫైల్‌లో మూడు కాలమ్‌లు శ్రద్ధగా చదవాలి: మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఎంబార్గో. ముగిసిన తేదీ ఖాళీగా ఉంటే ఇప్పటిదాకా వస్తోందని అర్థం, తెలియదని కాదు. ఎంబార్గో గడిలో పీ1వై అని ఉంటే గడిచిన ఏడాది వ్యాసాలు రావు, అంతకు ముందువే వస్తాయి. ఆర్10వై అంటే దీనికి తిరగబడి, చివరి 10 సంవత్సరాలవే వస్తాయి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఉన్నవన్నీ లేవనీ, లేనివన్నీ ఉన్నాయనీ చూపిస్తుంది. పాత సంచికల గొడవ మరొకటి. ఎల్సెవియర్ చందాల్లో చాలావరకు 1995 నుంచే వస్తాయి, అంతకు ముందువి బ్యాక్‌ఫైల్ పేరుతో విడిగా కొనాలి. నాలెడ్జ్ బేస్‌లో మొత్తం సంపుటాలు టిక్ చేసి పెడితే 1994 వ్యాసం ఉన్నట్టు చూపించి డబ్బు అడుగుతుంది. అందుకని ప్రతి ముఖ్య ప్యాకేజీలో మూడు జర్నళ్లు తీసుకుని, ఒక్కోదానికి తొలి సంవత్సరం, దానికి ముందు సంవత్సరం, మధ్య సంవత్సరం ఒకటి, ఈ నెల వ్యాసం ఒకటి పరీక్షించండి. తప్పులు సరిహద్దుల్లోనే దాక్కుంటాయి.

జర్నల్ పేర్లు మారడం ఇంకో తలనొప్పి. జర్నల్ ఆఫ్ ది వరల్డ్ ఆక్వాకల్చర్ సొసైటీకి 1986కు ముందు ఆక్వాకల్చర్ బదులు మారికల్చర్ అనే పేరుండేది. పాత పేరుకు పాత ఐఎస్‌ఎస్‌ఎన్ వేరే వరుసగా లేకపోతే పాత వ్యాసాలు దొరకవు.

ప్రభుత్వ కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఇప్పుడు వెంటనే చూడాల్సింది ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం ఉమ్మడి చందాతో జర్నళ్లు అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి 1న మొదలైంది. 30 ప్రచురణ సంస్థల నుంచి 13,000 దాకా జర్నళ్లు వస్తున్నాయి. దీంతో పాత కన్సార్షియం (లైబ్రరీలు ఉమ్మడిగా తీసుకున్న) ప్యాకేజీలు రిజాల్వర్‌లో ఇంకా ఆన్‌లో ఉంటే మూడో రకం తప్పులు, కొత్తవి ఆన్ చేయకపోతే నాలుగో రకం తప్పులు పుడతాయి. పాతవాటిని ఒక్కొక్కటిగా ఆపి, అదే రోజు కొత్త జాబితా ఎక్కించండి. ఈ పథకం తొలి దశలో ప్రైవేటు కళాశాలలు లేవు. వాటిలో అర్హత ఉన్నవి ఎన్‌లిస్ట్ (కళాశాలలకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే కార్యక్రమం) జాబితానే చూసుకోవాలి.

నెట్‌వర్క్ తప్పులను గుర్తించడం సులువు. ఒక జర్నల్ కాకుండా అన్ని జర్నళ్లూ ఒకేసారి డబ్బు అడిగితే అది ఐపీ గొడవే. మన దగ్గర చాలా కాలేజీల్లో ఒక ఫైబర్ లైను, అది పోతే అందుకునేందుకు మరో కంపెనీ లైను ఉంటాయి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ రెండో లైనుకు మారితే, ఆ ఐపీ ప్రచురణకర్త దగ్గర నమోదై ఉండదు. రెండు లైన్లకూ స్టాటిక్ (మారని) ఐపీ తీసుకుని రెండూ నమోదు చేయించండి. రౌటర్‌లో కనిపించే ఐపీ, బయట "నా ఐపీ ఏది" అని చూపించే సైట్‌లోని ఐపీ వేరైతే, సర్వీసు ఇచ్చేవాళ్లు మీ ఐపీని ఇతరులతో పంచుతున్నారన్నమాట. అలాంటి ఐపీని నమోదు చేయించి లాభం లేదు. ప్రాక్సీ (బయట ఉన్నవాళ్లను కాలేజీ ఐపీ మీదుగా పంపే సర్వర్) వాడేవాళ్లు ప్రచురణకర్త సైట్ పేరు మారినప్పుడల్లా కొత్త పేరును ప్రాక్సీ సెట్టింగుల్లో చేర్చాలి. చేర్చకపోతే క్యాంపస్‌లో తెరుచుకునే లింకు హాస్టల్‌లో ఫోన్ మీద తెరుచుకోదు.

నాలుగో రకం తప్పులు తగ్గించాలంటే అందరికీ తెరిచి ఉన్నవాటిని రిజాల్వర్‌లో ఆన్ చేయండి: డీఓఏజే (ఉచిత జర్నళ్ల జాబితా) జర్నళ్లు, ఉచిత ప్రతులు వెతికిపెట్టే అన్‌పేవాల్ సేవ. మత్స్య శాస్త్రం వాళ్లకైతే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈప్రింట్స్ భాండాగారం, ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ తప్పనిసరి. 1954 నుంచి వస్తున్న జర్నల్ అది, ఐఎస్‌ఎస్‌ఎన్ 0970-6011. పైన చెప్పిన లెక్క దీనికి వేసి చూడండి.

రిజాల్వర్ లేని చిన్న డిగ్రీ కళాశాలలూ ఇందులో కొంత చేయొచ్చు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో 856 ఫీల్డ్‌లోని (వెబ్ చిరునామా రాసే గడిలోని) లింకులను పరీక్షించే స్క్రిప్ట్ దానితోపాటే వస్తుంది, నెలకోసారి నడపండి. అయితే సర్వర్ 200 (పేజీ ఉందని చెప్పే కోడ్) అని జవాబిచ్చినంత మాత్రాన వ్యాసం ఉన్నట్టు కాదు. "పేజీ దొరకలేదు" అని రాసి ఉన్న పేజీ కూడా కొన్నిసార్లు 200తోనే వస్తుంది. ప్రతి నెలా 20 లింకులు మనిషి కూర్చుని నొక్కి చూడాలి.

తప్పులన్నీ ఒకేసారి సరిచేయబోకండి. షీట్‌లో కారణం కాలమ్ పెట్టి లెక్కపెడితే ఎక్కువ తప్పులు రెండు మూడు కారణాలకే చేరతాయి. ముందు అవి పట్టుకోండి. ప్రచురణకర్తకు, రిజాల్వర్ సంస్థకు రాసేటప్పుడు "లింకు పనిచేయట్లేదు" అని రాస్తే వారం తర్వాత స్క్రీన్‌షాట్ పంపమంటారు. మొదటి మెయిల్‌లోనే పూర్తి ఓపెన్‌యూఆర్‌ఎల్, తెరుచుకోవాల్సిన వ్యాసం డీఓఐ, నిజంగా తెరుచుకున్న పేజీ స్క్రీన్‌షాట్, తేదీ, సమయం, క్యాంపస్ లోపలా బయటా, ఏ ఐపీ అన్నవి పెట్టండి. ఒకే రకం తప్పుకు మూడు ఉదాహరణలు ఇవ్వండి. ఒక్కటే ఇస్తే ఆ ఒక్కటే సరిచేసి ఊరుకుంటారు.

మార్పులు అయ్యాక 3 నెలలు ఆగి, కొత్త లాగ్ నుంచి కొత్త 200 తీసి మళ్లీ కొలవండి. పాత 200నే తిరిగి పరీక్షించొద్దు, వాటిని సరిచేసింది మీరే. 80 శాతం కాస్తా 84 అయితే బాగుపడిందని రిపోర్టులో రాయడం తొందరపాటు, ఆ తేడా నమూనా వల్లే రావచ్చు. 90 దాటితే ధైర్యంగా రాయొచ్చు. ఆ షీట్లన్నీ దాచి ఉంచండి, వచ్చే ఏడాది ప్యాకేజీ జాబితా మారినప్పుడు ముందుగా తెరిచేది అవే.